రెండు వేళ్ళ సందు

టేపు బాబాయి ఛాతీ గార్డును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలాడు. పడిన గుంట లేచి సమంగా అయ్యేదాకా మనసులో అంకెలు అనుకున్నాడు. రెండు అనేలోపే లేచింది. దాన్ని కొక్కానికి తగిలించి ఇంకొకటి తీశాడు. దుకాణం తలుపులు తెరిచాక రోజూ ఆయన చేసే మొదటి పని ఇదే. కొత్త సరుకే కదా, ఎందుకీ చాదస్తం అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాడు. గోదాములో నెలల తరబడి ఒకదాని మీద ఒకటి పడి ఉండే సరుకులో స్పాంజి ఎప్పుడు చచ్చిపోతుందో చెప్పలేం. చచ్చిన స్పాంజి కూడా పైకి బతికున్నదానిలాగే ఉంటుంది.

ఆ ఆటసామాన్ల దుకాణంలో ఆయన చేరి ముప్పై ఒక్క ఏళ్ళు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే కొంచెం దిగి ఉంటుంది. బొటనవేలి గోరు నొక్కీ నొక్కీ పలకలా అయిపోయింది. మెడలో పసుపుపచ్చ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీసి ఎక్కడైనా పెట్టడం ఎవరూ చూడలేదు. అసలు పేరు జీతం కవరు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. బట్టలు కుట్టే ఇంట్లో పుట్టాడు. తెగిన గ్లవ్స్ కుట్టడానికని పెద్ద యజమాని ఆయన్ని పిలిపించుకున్నాడు. నెల రోజుల పని అనుకుని వచ్చినవాడు అక్కడే ఉండిపోయాడు. పెద్ద యజమాని పోయాక దుకాణం కొడుకు చేతికి వచ్చింది. సైజులు పెట్టెల మీదే అచ్చువేసి వస్తుంటే ఇంకా కొలతలెందుకని చిన్న యజమానికి అనుమానం. అయినా బాబాయిని ఆ మాట అనడానికి అతనికి నోరు రాలేదు.

ఆ రోజు పొద్దున్నుంచి బాబాయికి ఎడమ దవడ లాగుతోంది. పన్ను పుచ్చిందేమోనని బుగ్గన లవంగం పెట్టుకున్నాడు.

పది గంటలకు ఒక ఆవిడ కాన్వాసు సంచీ మోసుకుంటూ లోపలికి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. జుట్టు బిగించి ముడి వేసుకుంది. సంచీని బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని, "టేపు బాబాయి గారంటే మీరేనా?" అని అడిగింది.

"అలాగే అంటుంటారమ్మా. చెప్పండి."

"అంపైరుకి కావలసిన సామాను చూడాలండీ. బేస్‌బాల్‌కి."

"ఎవరికమ్మా? ఇంట్లో ఆయనకా?"

"నాకే."

బాబాయి తల ఎత్తి చూశాడు. ఆయన కళ్ళకు ముందు కనిపించేది ముఖం కాదు. ఛాతీ ముప్పై ఎనిమిది ఉంటుంది, భుజాలు జారుడు, మెడ పొడుగు. అవి అయ్యాక ముఖం చూశాడు. భయపడుతున్న ముఖం. ఆ భయాన్ని ఎవరికీ తెలియనివ్వకుండా ఇంటి నుంచి ఇక్కడిదాకా తెచ్చుకున్న ముఖం.

"ఆట ఎప్పుడు?"

"ఇవాళే. సాయంత్రం నాలుగున్నరకి. నూలు మిల్లు జట్టుకీ రైల్వే జట్టుకీ. ఇదే మొదటిసారి."

"ఇవాళ ఆట పెట్టుకుని ఇవాళ వచ్చారా!"

"నాన్నవి ఉన్నాయి కదా అనుకున్నాను," అని ఆవిడ సంచీ విప్పింది.

ఒక మాస్కు, ఒక ఛాతీ గార్డు, కాళ్ళ గార్డులు, చిన్న బ్రష్షు ఒకటి బయటికి వచ్చాయి. ఛాతీ గార్డు పట్టీ మీద ఆకుపచ్చ దారంతో వేసిన జంట కుట్టు చూడగానే బాబాయి చెయ్యి ఆగిపోయింది. ఆ కుట్టు ఆయనదే.

"గంట అంపైరు గారి అమ్మాయివా తల్లీ?"

ఆవిడ నవ్వింది. ఆవిడ తండ్రి గొంతు ఎత్తితే మైదానం అవతల రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగేవారు. అందుకే ఆ పేరు. ఇరవై రెండేళ్ళు ఆ ఊళ్ళో ఆటలన్నీ ఆయన గొంతు మీదే నడిచాయి. పోయి రెండేళ్ళయింది.

"కొత్తవి కొనడం ఇష్టం లేక కాదు బాబాయ్ గారూ. ఇవి వేసుకుంటే ధైర్యంగా ఉంటుందని." ఆవిడ ఆకుపచ్చ కుట్టును వేలితో నిమిరింది.

బాబాయి పాత గార్డును బల్ల మీద పరిచి, గుండె దగ్గర బొటనవేలితో నొక్కి వదిలాడు. గుంట పడింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. అది లేవలేదు. ఆవిడ నమ్మలేనట్టు పక్కనే తన బొటనవేలితో కూడా నొక్కింది. పెద్ద గుంట పక్కన చిన్న గుంట పడింది. రెండూ అలాగే ఉండిపోయాయి.

"దీన్ని నీకు తొడిగి పంపిస్తే నాన్నగారు నన్ను క్షమించరమ్మా," అన్నాడు బాబాయి మెల్లగా. "ఈ బ్రష్షు మాత్రం బాగుంది. ఇది తీసుకెళ్ళు."

ఆవిడ బ్రష్షు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. "సరే. మొదటి నుంచి చెప్పండి. నాకేం కావాలో."

బేస్‌బాల్‌లో అంపైరు నిలబడే చోటు అలాంటిది. బంతి కొట్టేవాడి వెనక క్యాచర్ గొంతుక్కూర్చుంటాడు. అతని వెనక, అతని భుజం మీదుగా చూస్తూ అంపైరు వంగి నిలబడతాడు. విసిరిన బంతి నేరుగా అటే వస్తుంది. అది హద్దుల్లోంచి వచ్చిందో లేదో చూసి, వస్తే 'స్ట్రైక్' అని అరిచి చెప్పాల్సింది అంపైరే. బ్యాటుకు అంచు తగిలి దారి తప్పితే క్యాచర్ గ్లవ్‌ను తప్పించుకుని అంపైరు మీదికే వస్తుంది. పక్కకు తప్పుకోవడానికి కన్ను ఆర్పేంత సమయం కూడా ఉండదు.

బాబాయి కింది నుంచి మొదలుపెట్టాడు. వేళ్ళ మీద ఉక్కు రేకు ఉన్న బూట్లు తెచ్చాడు. బూటు వేసుకుని నేలను గట్టిగా తన్నమన్నాడు. కాళ్ళ గార్డులు ప్యాంటు లోపల వేసుకోవాలి గనక ప్యాంటు వదులుగా ఉండాలన్నాడు. పొత్తికడుపు కింద వేసుకునే గార్డు సంగతి వచ్చేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. గల్లా దగ్గర కూర్చునే ఆవిడను పిలిచి, "అక్కయ్యా, నువ్వు చూడు" అని అటు తిరిగి నిలబడ్డాడు. ఆడవాళ్ళిద్దరూ నవ్వుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళారు.

మాస్కులు మూడు వరసగా పెట్టాడు. "తేలికది మెడకు హాయిగా ఉంటుంది. బరువుది దెబ్బను తాను మింగుతుంది. మొదలుపెట్టేవాళ్ళకి బరువుదే మంచిది."

"బరువు నాకు లెక్క కాదు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పదిహేనేళ్ళుగా కిరణాలకు అడ్డంగా సీసం ఏప్రను మోస్తున్నాను."

"ఇంకేం మరి. సగం పని అయిపోయినట్టే."

ఆవిడ మాస్కు పట్టీని ఊపిరాడనంత బిగించుకుంది. బాబాయి తల అడ్డంగా ఊపాడు. "బిగిస్తే భద్రం అనుకుంటారు అందరూ. కాదమ్మా. కాస్త కదలాలి. దెబ్బ తగిలితే తిరగాల్సింది మాస్కు, నీ తల కాదు. ఎడమ చేత్తో లాగితే టోపీ కదలకుండా ఊడి రావాలి. లాగు చూద్దాం."

లాగింది. టోపీ ఎగిరి బూట్ల వరస మీద పడింది. ఏడోసారికి టోపీ తల మీదే నిలిచింది. అప్పుడు ఆవిడ దాచుకున్న మాట బయటపెట్టింది.

"బాబాయ్ గారూ, శిక్షణలో నేను కళ్ళు మూసేసుకుంటున్నాను. బంతి వస్తుంటే తెలియకుండానే మూసుకుపోతున్నాయి. నేర్పించే ఆయన చెప్పాడు, చూడనిదాని మీద ఎలా తీర్పు చెబుతావమ్మా అని."

బాబాయి బుట్టలోంచి నాలుగు బంతులు తీసుకుని, "పద" అన్నాడు.

దుకాణం వెనక సందులో గోడకు ఆనుకుని ఆవిడ వంగి నిలబడింది. బాబాయి ఆరడుగుల దూరంలో నిలబడి బంతి విసిరాడు. ఆయన జన్మలో బంతి విసిరిన మనిషి కాదు. మొదటిది గోడకు తగిలి మురుగుకాలవలో పడింది. రెండోది మాస్కు ఊచల మీద ఠంగుమంది.

"మూసుకున్నావు."

"అవును."

మళ్ళీ విసిరాడు. మళ్ళీ మూసుకుంది. చప్పుడుకి చిన్న యజమాని పరుగెత్తుకొచ్చి, "బాబాయ్! పక్కవాళ్ళ కిటికీ అద్దాలు!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. బాబాయికి అతని మాట వినపడనే లేదు.

"నీకొకటి చెప్పనా తల్లీ? ఇంత సామానూ దెబ్బ తగలకుండా ఉండటానికనుకుంటున్నావు. దెబ్బ ఎలాగూ తగులుతుంది. ఇవన్నీ నువ్వు కళ్ళు తెరుచుకుని ఉండటానికి. తగలనీ. తగిలాక ఏమవుతుందో చూడు. అంతే."

తొమ్మిదో బంతికి ఊచల వెనక కళ్ళు రెండూ తెరుచుకునే ఉన్నాయి. పదోదానికీ అంతే. ఆవిడ మాస్కు లాగేసి పెద్దగా నవ్వింది. టోపీ కదలలేదు.

లోపలికి వచ్చాక కొత్త ఛాతీ గార్డు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. బాబాయి చుట్టూ తిరిగి చూశాడు. వెనక బాగుంది, పక్కలు బాగున్నాయి. ముందుకొచ్చి ఆగిపోయాడు. భుజాలు జారుగా ఉండటం వల్ల గార్డు కిందికి దిగింది. పై అంచుకూ మెడ కింది ఎముకకూ మధ్య సందు కనిపిస్తోంది.

"అక్కడ వేళ్ళు పెట్టి చూడమ్మా. ఎన్ని పడుతున్నాయి?"

"రెండు."

బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. దవడ లాగడం మెడ దాకా వచ్చింది. బుగ్గలో లవంగాన్ని అటు నుంచి ఇటు మార్చుకున్నాడు.

"నాన్నగారికి విరిగింది ఆ ఎముకే కదా," అన్నాడు.

"ఎడమది. ఆ ఎక్స్‌రే నేనే తీశాను."

"ఆ గార్డు నేనిచ్చిందేనమ్మా. ఆయన సైజు రాలేదు అప్పుడు. ఒక సైజు తక్కువది ఉంటే ఇచ్చాను. రెండు వేళ్ళు తగ్గిందండీ అన్నాను. రెండు వేళ్ళేగా, ఆటకు వేళైంది ఇచ్చేయ్ అన్నారాయన. నేనూ ఊరుకున్నాను. ఆగమని చెప్పి ముక్క అతికి కుట్టి ఇస్తే గంట పని. పన్నెండేళ్ళయింది. తర్వాత వచ్చారు, బూటు లేసులు కొనుక్కుని వెళ్ళారు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది."

ఆవిడ అద్దంలోంచే ఆయన్ని చూసింది. "ఆ రోజు ఉక్కగా ఉందని నాన్నే భుజం పట్టీలు వదులు చేసుకున్నాడట. అందుకే జారిందని చెప్పాడు. మీ పేరు రాలేదు బాబాయ్ గారూ," అంది.

అది నిజమో, ఆయన కోసం అప్పటికప్పుడు అల్లిన మాటో బాబాయికి అంతుపట్టలేదు. మనుషుల లోపలికి చూడటం ఆవిడ పని. ఆవిడ లోపలికి చూడటం ఆయన వల్ల కాలేదు.

"ఇది ఇక్కడ వదిలి వెళ్ళు. పైన ముక్క వేసి కుడతాను. నీ డ్యూటీ ఎన్నింటిదాకా?"

"మూడున్నర దాకా. అక్కణ్ణుంచి నేరుగా మైదానానికే."

"అయితే నేనే అక్కడికి తెచ్చిస్తాను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆయనే ఆశ్చర్యపోయాడు. శనివారాలు దుకాణం కిటకిటలాడే రోజు. ఆటలన్నీ శనివారాలే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి అంపైరుకూ తొడిగి పంపినవాడు, ఒక్క ఆట కూడా కూర్చుని చూడలేదు.

మధ్యాహ్నం కిటికీ కింద కూర్చుని కుట్టాడు. అరచేతికి తోలు పట్టీ కట్టుకుని లావుపాటి సూదిని స్పాంజి లోంచి దించి, అవతలి వైపు నుంచి లాగుతూ పోయాడు. సగంలో దారం మీద వేళ్ళు చల్లబడి జారాయి. ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు. గల్లా దగ్గరి ఆవిడ చూసి, "అన్నయ్యా, మొహం అలా పాలిపోయిందేంటి? కాసేపు పడుకో" అంది. "పన్ను నొప్పి" అన్నాడు. ఆయన వివరణలు ఎప్పుడూ అంతే ఉండేవి. పిల్లలు కలగరని తెలిసినప్పుడు కూడా ఇంటికొచ్చి భార్య పక్కన కూర్చుని, "మనకి మనమే" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తుకోలేదు. ఇద్దరి మధ్యా మాటలు తక్కువైనా లోటు మాత్రం ఉండేది కాదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులొచ్చాక కూరగాయలు తేవడం, నీళ్ళు పట్టడం ఆయన పని అయింది. ఎవరూ చెప్పకుండానే.

కుట్టు ముగించి ముడి వేసి, అతికిన ముక్కను బొటనవేలితో నొక్కి చూశాడు. వెంటనే లేచింది. ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇవాళ కాస్త ఆలస్యం. ఆట చూడటానికి వెళ్తున్నా."

అవతల భార్య "మీరా?" అని కిసుక్కున నవ్వింది. "ఎవరు గెలిచారో గుర్తుపెట్టుకుని రండి. మీకు అదీ తెలియదు."

చిన్న యజమాని కూడా అలాగే, "నువ్వా? ఆటకా?" అన్నాడు. తర్వాత, "వెళ్ళు బాబాయ్. ఇన్నేళ్ళలో మూడు గంటలు సెలవడిగావు. ఇవ్వకపోతే నాన్న కలలోకొచ్చి తిడతాడు," అన్నాడు.

మైదానం పక్కన రేకుల షెడ్డులో ఆవిడ మిగతావన్నీ వేసుకుని కాచుకుని ఉంది. గార్డు తొడుక్కుని, పైన చొక్కా వేసుకుని బయటికొచ్చింది. మెడ దాకా మూసుకుపోయింది. ఎముకలు రెండూ లోపలే ఉన్నాయి.

"చేతులెత్తు. వంగు. పక్కకి తిరుగు. ఇప్పుడు అరువు."

"అరవడమెందుకండీ?"

"అరిస్తే ఛాతీ పొంగుతుంది. పట్టీ పట్టేస్తే గొంతు రాదు. అరిచి చూడు."

"స్ట్రైక్!"

రేకుల మీద కూర్చున్న పావురాలు గుంపుగా లేచాయి. అది తండ్రిది లాంటి గొంతు కాదు. కొంచెం బొంగురు. కానీ ఎక్కడా తొణకలేదు.

"ఇక నీ ఇష్టం," అన్నాడు బాబాయి. ఆవిడ వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే కంగారుపడి వెనక్కి జరిగాడు. "వంగకు, వంగకు. పట్టీలు సరిచేసి ఇప్పుడే కదా నిలబెట్టాను!"

తీగ కంచె వెనక వరసగా బెంచీలున్నాయి. అన్నింటికంటే దగ్గరిది చూసుకుని కూర్చున్నాడు. ఆట ఆయనకు సగమే అర్థమైంది. ఎవరు ఎటు పరుగెత్తుతున్నారో చూడలేదు. ఆయన చూపంతా నల్ల చొక్కా మీదే. వంగినప్పుడు గార్డు పైకి రావడం లేదు. పరుగెత్తినప్పుడు కాళ్ళ గార్డులు తిరగడం లేదు. మాస్కు లాగినప్పుడల్లా టోపీ నిలుస్తోంది. రెండు నిర్ణయాల మీద రైల్వే జట్టు వాళ్ళు గొణిగారు. ఒకటి తప్పేనేమో కూడా. ఆవిడ అటు తిరగలేదు.

మూడో ఇన్నింగ్స్‌లో జరిగింది. బంతి బ్యాటు అంచుకు రాసుకుని ఎగిరింది. ఆవిడకు ఎడమ పక్క, మెడ కింది ఎముక ఉన్నచోట ధబ్బున తగిలింది. బెంచీలన్నీ ఒక్కసారి ఊపిరి బిగబట్టాయి. బాబాయి లేచి నిలబడి కంచె తీగ పట్టుకున్నాడు. ఆవిడ ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఊచల వెనక కళ్ళు ఆయనకు కనిపించాయి. పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. రెండు చేతులూ పైకెత్తి, "ఫౌల్!" అని అరిచింది. క్యాచర్ ఏదో అడిగాడు. ఆవిడ చెయ్యి ఊపింది. అయినా అతను ఆవిడకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికి, పని ఉన్నట్టు నటిస్తూ బంతి విసిరే పిచ్చర్ దగ్గరికి నెమ్మదిగా నడిచి వెళ్ళాడు. ఆవిడ జేబులోంచి తండ్రి బ్రష్షు తీసి, బంతి కొట్టేవాడి పక్కన నేలలో బిగించిన తెల్లపలక మీద దుమ్ము దులిపింది. మళ్ళీ వంగి నిలబడింది.

బాబాయి కూర్చున్నాడు. తను కుట్టినదాని మీద దెబ్బ పడటం కళ్ళారా చూడటం ఆయనకు అదే మొదటిసారి. నిలిచిన కుట్ల సంగతి ఎవరూ దుకాణానికొచ్చి చెప్పరు. తెగినవే తిరిగొస్తాయి. నిలిచినవి ఇలా ఉంటాయన్నమాట. వాటిని తొడుక్కున్న మనిషి దుమ్ము దులుపుకుని మళ్ళీ పనిలో పడుతుంది.

వేయించిన వేరుశనగపప్పు అమ్మే మనిషి వస్తే ఒక పొట్లం కొన్నాడు. గింజలు వేడిగా ఉన్నాయి. లవంగం ఉమ్మేసి కుడి పక్కనే నెమ్మదిగా నమిలాడు. ఐదో ఇన్నింగ్స్‌కి ఎండ చల్లబడి మైదానం మీద నీడలు సాగాయి. ఎడమ చెయ్యి బరువెక్కింది. పొట్లం సగమయ్యాక ఆగాడు. మిగతా సగం ఇంటికి. ఏది కొన్నా సగమే తినడం ఆయన అలవాటు. మూతి రెండు మడతలు పెట్టి పక్కన ఉంచుకుని, వెనక స్తంభానికి తల ఆనించాడు. నల్ల చొక్కా వంగింది, లేచింది, వంగింది. "స్ట్రైక్!" అని వినిపించింది. ఆ గొంతు బాగుంది అనుకున్నాడు.

ఆట ముగిసింది. నూలు మిల్లు వాళ్ళు గెలిచారు. ఆవిడ మాస్కు చంకన పెట్టుకుని, మొహం నిండా దుమ్ముతో, కంచె చుట్టూ తిరిగి వచ్చింది. దూరం నుంచే, "బాబాయ్ గారూ, కమిలింది కూడా లేదు, తెలుసా!" అంది. స్తంభానికి ఆనిన తల కదలలేదు. ఆవిడ ఇంకో నాలుగు అడుగులు వేసి ఆగింది. ఆస్పత్రిలో పదిహేనేళ్ళు పనిచేసిన మనిషికి చూడగానే తెలిసింది. అయినా దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆయన పక్కనే బెంచీ మీద కూర్చుని, ఆస్పత్రి బండి వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

బండితోపాటే ఆవిడా వెళ్ళింది. జనం రెండు మూడు మాటలు అనుకుంటూ కదిలిపోయారు. మైదానం ఊడ్చే మనిషి బెంచీలు ఒక్కొక్కటే దులుపుతూ వచ్చి, బాబాయి కూర్చున్న బెంచీ దగ్గర చీపురు ఆపాడు. దాని మీద కాగితప్పొట్లం ఒకటి ఉంది. సగం ఖాళీ, సగం నిండు. ఒక్క గింజ కూడా ఒలకకుండా మూతి రెండు మడతలు వేసి, గట్టిగా నొక్కి ఉంది.